కిటికీ కింది ఆనపపాదు

మా బావగారు పోయారు. మా ఆయనకి అన్నగారు. కార్తీకం వెళ్ళిపోతున్న రోజుల్లో ఒక ఉదయం నేను సందులో కూర్చుని గిన్నెలు తోముతూ ఉంటే లోపలినుంచి మా అత్త కేక వినిపించింది. కొడుకుని పేరుపెట్టి పిలుస్తోంది. ఆవిడ ఎన్నడూ పెద్దకొడుకుని పేరుపెట్టి పిలవలేదు, "పెద్దోడా" అనేది. ఆ పేరు వినగానే నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

ఊళ్ళోవాళ్ళు వచ్చారు. మగవాళ్ళు వీధిలో, ఆడవాళ్ళు వాకిట్లో. నేను వంటింటి తలుపు వెనకాల నిలబడి ఏడిచాను. ఆ ఏడుపు కాస్త పైకే వినబడి ఉంటుంది. పక్కింటి ముసలమ్మ లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "నీకేటే పిల్లా అంతేడుపు? ఆయన మొకమైనా ఎరుగుదువేటే నువ్వు?" అంది. వెటకారానికి అన్నది కాదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

నాకు నలుగురిలో మాట రాదు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను. అయిదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా పుట్టిల్లు రామతీర్థం పక్క పల్లె. కొండ నీడలో పెరిగాను. నన్నిచ్చింది భోగాపురం అవతల, సముద్రపు గాలి తగిలే ఇసక నేలల్లో. నేను కాపురానికి వచ్చేసరికే బావగారు మంచం మీద ఉన్నారు. అంతకుముందు ఆయన నూతులు తవ్వే మేస్త్రీ. ఇసక నేలలో నుయ్యి తవ్వితే గట్టు నిలవదు. ఒకదాని మీద ఒకటి గుండ్రటి సిమెంటు ఒరలు దించుకుంటూ పోవాలి. అలా ఒకసారి ఒర దించుతూ ఉండగా పైన దాన్ని పట్టిన మోకుతాడు తెగింది. ఆయన కింద ఉన్నారు. తల తప్పించుకున్నారు గాని వెల్లకిలా పడి, అడుగున ఉన్న ఒర అంచుకి వెన్ను తగిలింది. రెక్కల మధ్య ఎముక విరిగింది. చేతులు, మెడ, తల మామూలే. రొమ్ము కిందనుంచి పాదాలదాకా మాత్రం ఆయనవి కావు. గిల్లినా తెలీదు, కాలినా తెలీదు, మూత్రం నిండినా తెలీదు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చాలాకాలం ఉంచి, మూత్రానికి రబ్బరు గొట్టం పెట్టి, దాని చివర గాజు సీసా పెట్టి ఇంటికి పంపేశారు. భోగాపురం నుంచి కాంపౌండరు సైకిలు మీద వచ్చి అప్పుడప్పుడు ఆ గొట్టం మార్చి వెళ్ళేవాడు. బావగారి భార్య అంతకు చాలాముందే కాన్పులో పోయిందట. మళ్ళీ చేసుకోలేదు.

ఇక మా ఇళ్ళలో కట్టుబాటు సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మాలో భర్త అన్నగారంటే మామగారితో సమానం. తమ్ముడి పెళ్ళాం ఆయన ఎదట పడకూడదు, ఆయనతో మాటాడకూడదు, ఆయన పక్క ముట్టుకోకూడదు. ఆయన ఉన్న గది గుమ్మం దాటకూడదు. ఆయన వీధి అరుగు మీద ఉంటే మనం పెరటి దారిన తిరగాలి. మామూలు ఇళ్ళలో ఇది పెద్ద కష్టం కాదు. మగవాడు పొద్దున్న పోయి సాయంత్రం వస్తాడు. మా ఇంట్లో ఆయన ఎక్కడికీ వెళ్ళలేరు. కొత్తకోడల్ని, నేనూ ఎక్కడికీ వెళ్ళకూడదు. మా ఆయన ఆ నూతిపనే అందుకుని తెల్లారకుండా పోయేవాడు. అత్త కొడుక్కి పొద్దుటి పనులన్నీ చేసి, పక్క మార్చి, వీపున పుళ్ళు పడకుండా పొడి అద్ది, కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని భోగాపురం పోయేది. తర్వాత రోజంతా ఆ ఇంట్లో మేమిద్దరమే. వీధిగదిలో ఆయన, వంటింట్లో నేను, మధ్యలో ఒక గుమ్మం. దాన్ని దాటి ఆయన ఇవతలికి రాలేరు. నేను అవతలికి పోకూడదు.

అలాంటి ఇంట్లో చెవులే కళ్ళు. మంచం కిర్రుమంటే ఆయన దూలానికి కట్టిన మోకుముక్క పట్టుకుని లేస్తున్నారని తెలిసేది. తెగిన మోకులోని ముక్కే అది. "నన్ను పడేసింది, ఇప్పుడు అదే లేపుతాది" అనేవారట. నేను ఆ గుమ్మం ముందునుంచి పోవలసి వస్తే నా గాజుల చప్పుడు విని ముఖం గోడవైపు తిప్పుకునేవారు. దగ్గి, తిప్పుకున్నానని తెలియజేసేవారు. ఆ దగ్గు వినబడ్డాకే నేను అడుగు వేసేదాన్ని. ఎంత జ్వరంలో ఉన్నా ఆ దగ్గు మరిచిపోలేదు.

ఆయనకి చదువు రాదు గాని చదివిస్తే వినడం ఇష్టం. అత్త సరుకులు కట్టి తెచ్చిన పొట్లం కాగితాలన్నీ దాచేవారు. నన్ను సందులో, ఆయన కిటికీ కింద, గోడకి వీపు ఆనించి కూర్చుని చదవమని అత్త చేత చెప్పించారు. "ఆయమ్మని కాస్త గట్టిగా సదవమను, సీమ సెవిలో సెప్తన్నట్టు సదువుతున్నాది" అన్నారట. పొట్లం కాగితాల్లో ఏ కథా పూర్తిగా ఉండదు. పెళ్ళి కుదిరే చోటో, దొంగ దొరికే చోటో చిరిగిపోయి ఉంటుంది. నేను ఆగిపోతే లోపలినుంచి మిగతాది ఆయనే అల్లి, తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పేవారు. ఆయన చెప్పిన కథల్లో ఎవరో ఒకరు తప్పకుండా నుయ్యి తవ్వేవారు.

నూతుల మాటలే ఆయనకి సామెతలు. ఇరుగుపొరుగు మగవాళ్ళు వచ్చి కూర్చుంటే గోడ ఇవతలనుంచి వినేదాన్ని. నుయ్యి పాడుపెట్టుకున్నవాళ్ళెవరైనా వస్తే, "తోడని నుయ్యి పాసి పడతాది బాబూ. నీరు తక్కువని తోడటం మానేస్తే, ఉన్న నీరూ సెడతాది" అనేవారు. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

నేను వచ్చిన రెండో ఎండాకాలం సంగతి. ఆ ఏడు ఎండలు గట్టిగా కాశాయి. పెరట్లో వంగ, బెండ అన్నీ వాడిపోయాయి. ఆయన కిటికీ కింద తనంత తానే మొలిచిన ఆనపపాదు మాత్రం చూరెక్కి, కప్పు మీద పరుచుకుని, పిందె మీద పిందె వేసింది. చూసినవాళ్ళంతా అక్కడి మన్ను మంచిదన్నారు. పక్కింటి ముసలమ్మ ఆ మన్ను గుప్పెడు పట్టుకుపోయి తన పాదుకి వేసుకుంది. ఆనపకాయ పులుసు, ఆనపకాయ పాలు పోసిన కూర, అందరం వేళ్ళు నాకుతూ తిన్నాం. ఒక పళ్ళెం గుమ్మం దగ్గర పెడితే అత్త తీసుకెళ్ళి ఆయనకీ పెట్టేది.

ఆ ఎండల్లోనే ఆయనకి చలి, జ్వరం మొదలయ్యాయి. ఉండి ఉండి తల పగిలిపోతోందనేవారు. ముఖం నిండా చెమటలు పట్టేవట. వడదెబ్బ అనుకుని నుదుటికి ఉల్లిపాయ రాశాం. దిష్టి తీశాం. పొట్టలో నొప్పి ఉందా అని కాంపౌండరు అడిగితే, "నా పొట్ట నాకు సెప్పడం మానేసి సాన్నాళ్ళయింది బాబూ" అన్నారు. గొట్టం మార్చినప్పుడు దాని కొసకి సున్నపు పెచ్చులాంటిది అంటుకుని వచ్చింది. కాంపౌండరు దాన్ని గోటితో గీకి చూసి, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు.

అక్కడ ఫొటో తీసి చూస్తే మూత్రం తిత్తిలో రాయి ఉందట. డాక్టరు చెప్పినదాన్ని మా ఆయన వచ్చి చెప్తే నేను విన్నాను. మామూలు మనిషికి అలాంటి రాయి ఉంటే నొప్పికి గిలగిల కొట్టుకుంటాడట. వెన్ను విరిగినవాళ్ళకి ఆ నొప్పి మెదడుదాకా పోయే దారి లేదు. కింద రాయి రాపిడి పెట్టినా, గొట్టం మూసుకుపోయినా, ఒళ్ళు దాన్ని తలపోటుగా, చెమటగా, ముక్కుదిబ్బడగా చెప్తుంది. అప్పుడు తలకి మందు రాయడం కాదు, ముందు మనిషిని లేపి కూర్చోబెట్టి, గొట్టం చూడాలి. ఆలస్యమైతే తలలో నరం చిట్లి ప్రాణం మీదికి రావచ్చు. మూత్రం నిలవ ఉండిపోతే మడ్డి దిగుతుంది, మడ్డి గట్టిపడి రాయవుతుంది. అది విని బావగారు, "పూడిక అన్నమాట" అన్నారట. డాక్టరు నవ్వి అంతేనన్నారట. జ్వరం తగ్గి ఒంట్లో బలం వచ్చాక కోసి రాయి తీస్తామని, అంతవరకు కడవలకొద్దీ నీళ్ళు తాగమని చెప్పి పంపారు.

అంతకుముందు చిన్న చెంబుతో పెట్టే నీళ్ళు, అప్పటినుంచి నేను పొద్దున్నే పెద్ద ఇత్తడి చెంబుతో గుమ్మంలో పెట్టేదాన్ని. అత్త తీసి ఆయన మంచం పక్కన పెట్టి వెళ్ళేది. సాయంత్రానికి చెంబు ఖాళీగా ఉండేది. బుద్ధిగా తాగుతున్నాడని అత్త సంతోషపడేది. కాని జ్వరం మళ్ళీ వచ్చేది. సీసాలో పడేది కొంచెమే, అదీ చిక్కగా, వాసనగా ఉంటోందని మా ఆయన గొణుక్కునేవాడు.

ఒక మధ్యాహ్నం నేను సందు ఊడుస్తున్నాను. పైన కిటికీ ఊసల మధ్యనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు. దాన్ని వంచి, చప్పుడు కాకుండా, గోడవెంట జారేలాగ, మెల్లగా ఆనపపాదు మొదట్లో పోసింది. ఒక్క చుక్క వృథా కాలేదు. ఎన్నాళ్ళనుంచో అలవాటైన చెయ్యి.

నేను చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ పాదు కాసిన కాయలన్నీ ఎక్కణ్ణించి వచ్చాయో, మేమందరం ఏం తిన్నామో అప్పుడు తెలిసింది.  గోడకి ఆనుకుని, తల వంచుకుని, "తోడని నుయ్యి పాసి పడతాదని మీరే కదా సెప్తారు బావగోరూ" అన్నాను.

ఆ ఇంటికి వచ్చాక ఆయనతో నేనన్న మొదటి మాట అది. లోపల చెంబు కింద పెట్టిన చప్పుడైంది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. ఆయన మెల్లగా అన్నారు.

"తాగితే సీసా నిండుతాదమ్మా. నిండితే ఎవులు ఎత్తుతారు? అమ్మ పొద్దుగూకి వస్తాది, తమ్ముడూ అంతే. మద్దిన నిండి పొర్లితే పక్కా తడుస్తాది, నేలా తడుస్తాది. నువ్వు ఇంట్లో ఉంటావు. ఆ వాసనలో నువ్వు కూడొండుకోవాలేటి?"

 సీసా ఎత్తేందుకు నేను గుమ్మం దాటకూడదు. దాటమని ఆయన అడగకూడదు. తాగితే పరువు పోతుంది, తాగకపోతే ప్రాణం పోతుంది. వేరే దారి లేని చోట ఆయన ఎన్నాళ్ళుగా పడుకుని ఉన్నారో, ఆ గోడ ఇవతల నేను కాగితాలు చదువుతూ కూర్చున్నానే అనుకున్నాను. చీపురు అక్కడే వదిలేసి వంటింట్లోకి పోయి కూర్చున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన రాగానే బావగారు పిలిచి, మంచం పక్కన గోడకి కింద ఒక కన్నం పొడవమన్నారు. ఎక్కడ, ఎంత ఏటవాలుగా అన్నది పడుకునే లెక్క చెప్పారు. కాంపౌండరుని అడిగి ఎనిమా డబ్బాకుండే పొడుగు గొట్టం తెప్పించారు. దాన్ని ఆయన గొట్టానికి తగిలించి, కన్నంలోంచి సందులోకి తీసి, బయట చిన్న గొయ్యి తీసి, అందులో సీసా పెట్టారు. మంచం ఎత్తు, గొయ్యి పల్లం, కాబట్టి నీరు తనంతట తానే దిగుతుంది. సీసా ఇప్పుడు నా సందులో ఉంది. నేను గుమ్మం దాటక్కర్లేదు.

అత్త మొదట ఒప్పుకోలేదు. కోడలు బావగారి సీసా ఎత్తడమేమిటని నోరు చేసుకుంది. బావగారు, "గుమ్మం దాటలేదు, మొకం సూడలేదు, పక్క ముట్టలేదు. మరి నీ మరియాదకి ఏటి తక్కువైందే అమ్మా? గోడకి కన్నమయింది, అంతే కదా" అన్నారు. అత్త ఆలోచించి, "నిన్ను నూతిలో తోసినా మాటలతో పైకొస్తావురా" అని గంప ఎత్తుకుంది.

ఆ తర్వాత మా ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. ఆయన నీళ్ళు తాగి ఖాళీ చెంబుతో గోడమీద ఒక దెబ్బ కొట్టేవారు. నిండు చెంబు మోత వేరు, ఖాళీ చెంబు మోత వేరు. సగం తాగి కొడితే నాకు తెలిసిపోయేది. "ఇంకా ఉన్నాది బావగోరూ" అనేదాన్ని. లోపల నవ్వుకుంటూ మిగతాది తాగేవారు. నేను మళ్ళీ చెంబు నింపి కిటికీలో పెట్టేదాన్ని. సీసా ఎత్తేముందు రంగు చెప్పాలి. అది ఆయన పెట్టిన నియమం. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. రంగులకి నాకు తెలిసిన పేర్లు వంటింటివే. బెల్లం పానకం, కుడితి, తరవాణి, మజ్జిగ తేట. పానకం అంటే ఇంకో చెంబు తాగేవారు. కుడితి అంటే కాంపౌండరుకి కబురు. "నూతినీళ్ళు" అన్నానంటే మాత్రం, "ఒరల్లేకుండా తవ్వేసేవమ్మా" అని మెచ్చుకునేవారు. అత్త ఒకసారి అది విని, ఈ ఇంట్లో తిండి పేరు ఎత్తాలంటే భయంగా ఉన్నాదని దెప్పింది.

పాదుకి నీళ్ళు తగ్గి ఆకులు వాలాయి. అది కూడా ఆయనే అడిగారు. "పాదు ఎలాగున్నాది? నా వాటా నాను తాగేస్తన్నాను, దాని వాటా నువ్వు పొయ్యాల." అప్పటినుంచి దానికీ ఒక చెంబు పోశాను.

జ్వరాలు తగ్గాయి. మనిషి కోలుకుంటున్నాడు, ఇక కోత వేయించుకోవచ్చని కాంపౌండరు అన్నాడు. బయల్దేరే రోజు కూడా అనుకున్నారు. అంతలోనే ఆ మధ్యాహ్నం వచ్చింది.

ఊరంతా వేసవి పంట వేరుశనగ తవ్వకాలకి పోయింది. పక్కింటి ముసలమ్మ కూడా కాయలు ఏరుకోవడానికి పోయింది. గోడ మీద చెంబు మోగింది. ఖాళీ మోతే. కాసేపటికి మళ్ళీ మోగింది. నేను వచ్చి సీసా చూస్తే పొద్దున్న ఉన్నంతే ఉంది. గొట్టం మడత పడిందేమోనని బయట ఉన్నమేరా తడిమి చూశాను. బాగానే ఉంది. "బావగోరూ, సీసాలో పడటం లేదు" అన్నాను. ఆయన ఏదో అన్నారు గాని గొంతు ముక్కులోంచి వచ్చింది, పడిశం పట్టినట్టు. పొద్దున్న ఆయనకి పడిశం లేదు. గోడ ఇవతల ఇన్నాళ్ళు కూర్చున్నదాన్ని, ఆ గొంతు నాకు తెలుసు.

"తల పగిలిపోతన్నాదమ్మా. కళ్ళు మసకలేస్తన్నాయి" అన్నారు.

డాక్టరు చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. లేపి కూర్చోబెట్టాలి, గొట్టం చూడాలి. వీధిలోకి పరుగెత్తి చూశాను. ఒక్క మనిషి లేడు. తిరిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను.  ఆ గడపని రోజూ పసుపు రాసి బొట్టు పెట్టింది నేనే. దానికి అవతల నేలమీద మాత్రం ఒక్కసారైనా అడుగు పెట్టలేదు. అడుగు పెడితే ఇంటికి అరిష్టమన్నారు. పెట్టకపోతే ఏమవుతుందో ఆ ముక్కు గొంతు చెప్తూనే ఉంది.

"బావగోరూ, నాను లోపలికొస్తాను" అన్నాను.

ముందు వద్దన్నారు. మా ఆయన వచ్చేస్తాడన్నారు. తర్వాత మూలుగు. మంచం కిర్రుమంది. మోకు పట్టుకుని లేవబోయి పడినట్టున్నారు. చివరికి అన్నారు, "రా తల్లీ. నాను కళ్ళు మూసుకున్నాను."

నేను గడప దాటాను.

అప్పుడు చూశాను ఆయన ముఖం. మా ఆయన ముఖమే, ఇంకా వెడల్పుగా, నెరిసిన మీసంతో. ఎర్రగా కందిపోయి ఉంది. కణతల దగ్గర నరాలు ఉబ్బి, నుదుటినుంచి చెమట ధారలుగా కారుతోంది. రొమ్ము కింద మాత్రం ఒళ్ళు పొడిగా ఉంది, చలికి వణికినట్టు రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఒకే మనిషిలో పైన ఎండాకాలం, కింద చలికాలం. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుని ఉన్నాయి. చెమట కళ్ళలోకి దిగి మండుతున్నా తెరవలేదు.

మోకు ఆయన చేతికి అందించాను. ఆయన లాగారు, నేను వీపు పట్టి తోశాను. పరుపు చుట్టి వెనక పెట్టాను. కాళ్ళు మంచం కిందికి దించాను. దుప్పటి తొలగించకుండా దాని అంచునుంచి గొట్టం ఎక్కడ బయటికి వస్తోందో పట్టుకున్నాను. మా ఆయన గొట్టాన్ని రెండు వేళ్ళతో పిండుతూ కిందికి జార్చేవాడని ఆయన చెప్తూ ఉండగా అలాగే పిండాను. వేళ్ళకింద ఇసక నలిగినట్టు తగిలింది. మళ్ళీ మళ్ళీ పిండాను. ఒకచోట గట్టిగా ఉన్నది కదిలింది. జారింది. గోడ అవతల సందులో సీసాలో ధార పడిన చప్పుడు వినిపించింది.

ఇద్దరం ఆ చప్పుడు విన్నాం. కాసేపటికి ఆయన ముఖంలో ఎరుపు దిగింది. ఊపిరి ముక్కులోంచి మామూలుగా వచ్చింది. "ఊట తగిలిందమ్మా" అన్నారు. నా కొంగుతో ఆయన నుదుటి చెమట తుడవాలనిపించింది. చెయ్యి రాలేదు. తువ్వాలు ఆయన చేతిలో పెట్టాను.

"ఇంక ఎల్లిపో అమ్మా. నువ్వెల్లేక తెరుస్తాను" అన్నారు. నేను గడప దాటి వంటింట్లోకి వచ్చాక దగ్గారు. ఎప్పటి దగ్గే.

అత్తకి నేనే చెప్పాను.  ఆవిడ నా తలమీద చెయ్యి వేసి, ఎవరికీ చెప్పకు అంది. ఇది రాసేముందు ఆవిణ్ణి అడిగాను. రాసుకో, ఆడికి సదువంటే ఇష్టం కదా అంది.

మర్నాడే బండి కట్టి, తర్వాత బస్సులో, పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. పొట్ట కింద కోసి రాయి తీశారు. మా ఆయన దాన్ని దూదిలో చుట్టి తెచ్చి చూపించాడు. నాటుకోడి గుడ్డంత ఉంది, పైన గరుకుగా, పసుపు కలిసిన తెలుపు. అత్త దాన్ని ముట్టుకోలేదు. బావగారు ఇంటికి వచ్చాక కిటికీలోంచి, "సూసేవా అమ్మా? నూతిలో రాయి అడ్డొస్తే నాలాటోళ్ళు గునపంతో కొట్టి తీస్తారు. నా నూతికి డాక్టరుబాబు దిగేడు" అన్నారు.

ఆ వర్షాకాలమంతా బాగున్నారు. కన్నం దగ్గర మా పద్ధతి సాగుతూనే ఉంది. ఒక రోజు నేను పొట్లం కాగితం చదువుతూ చిరిగిన చోట ఆగితే, మిగతాది తాను చెప్పలేదు. "నువ్వే ఎప్పుడైనా రాయమ్మా. సగంలో సిరిగిపోకుండా రాయి" అన్నారు. నవ్వాను. నాకేం రాయడం వచ్చు.

కాని రాయి పోయినా అది చేసి వెళ్ళింది మిగిలింది. అన్నేళ్ళు మూత్రం వెనక్కి తన్ని తన్ని, చీము పట్టి, మూత్రపిండాలు చెడిపోయాయట. దసరా దాటాక ముఖం వాచింది. అన్నం సయించేది కాదు. వెక్కిళ్ళు పట్టుకుంటే ఆగేవి కావు. మళ్ళీ తీసుకెళితే డాక్టరు మా ఆయన్ని పక్కకి పిలిచి, ఇక ఇంటి దగ్గరే ఉంచమన్నారు.

ఆ రోజులే నాకు కష్టమైనవి. గోడకి అటువైపు చెంబులు ఖాళీ అవుతున్నాయి, ఇటువైపు సీసా నిండటం లేదు. ఇన్నాళ్ళూ తాగండి తాగండి అని నేను పోరుపెట్టిన నీళ్ళు ఆయన ఒంట్లోనే ఉండిపోయి కాళ్ళు, కళ్ళు వాచిపోతున్నాయి. డాక్టరు నీళ్ళు తగ్గించమన్నారు. ఏ నీళ్ళకోసం గోడకి కన్నం పొడిచామో ఆ నీళ్ళే ఇప్పుడు చెంబులో సగం పోసి ఇవ్వాలి. సగం చెంబు కిటికీలో పెట్టి వెంటనే పక్కకి తప్పుకునేదాన్ని. ఆయనకి తెలిసింది.

"ఎంత పడిందమ్మా?" అని అడిగేవారు. కాస్త ఎక్కువ చేసి చెప్పేదాన్ని. ఒక రోజు అలా చెప్తే, "ఊట ఇంకిపోతన్నాదమ్మా. పైనుంచి పోస్తే నుయ్యి అవుతాదేటి? నువ్వేటీ బాధపడకు. నువ్వు సెప్పినకాడినుంచీ ఒక్క సుక్క పారబొయ్యలేదు నాను" అన్నారు.

ఆయన పోయిన ఉదయం కూడా సగం చెంబు కిటికీలో పెట్టి, గిన్నెలు ముందేసుకుని, గోడమీద దెబ్బకోసం చూస్తున్నాను. చెంబు తీసిన చప్పుడు కాలేదు. తర్వాత అత్త కేక.

ముఖం ఎరుగుదువా అని అడిగిన అవ్వకి నా జవాబు ఇదే. ఒక్కసారి చూశాను. ఆయన మాత్రం నా ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండానే నా గొంతులో మాట పుట్టించారు. మా ఇళ్ళలో కట్టుబాటు మంచిదో చెడ్డదో చెప్పేంత చదువు నాకు లేదు. మీ ఇంట్లో అలా మంచానపడ్డ మనిషి ఉంటే, చెంబు ఖాళీగా ఉందని సంతోషించకండి. ఆ నీళ్ళు ఎటు పోయాయో ఒకసారి చూడండి.

పెద్దకర్మ అయ్యాక ఆ గది కడిగి, మంచం నిలబెట్టేశారు. ఇప్పుడు ఆ గదిలోకి నేను ఎప్పుడైనా వెళ్ళవచ్చు. వెళ్ళబుద్ధి కాదు. గోడకున్న కన్నం మన్నుతో పూడ్చెయ్యమని అత్త చెప్పింది. మా ఆయన మన్ను కలుపుకుని సందులోకి వచ్చి, కన్నం ముందు కూర్చుని, నన్ను పిలిచాడు. ఆనపపాదు కొసతీగ ఒకటి, కొత్తది, లేత నూగుతో, గోడవెంట పాకి పాకి ఆ కన్నంలో దూరింది. నేను వంగి చూశాను. అటువైపు, మోకు వేలాడే చోటికి కింద, ఖాళీ నేలమీద రెండు ఆకులు విప్పుకుని ఉంది. గుమ్మం దాటకుండానే వెళ్ళింది.